మీరు మీరు కారు

బడుల్లో మధ్యాహ్న భోజనానికి వెళ్తున్న గుడ్లు ఎక్కువ, వాటిని తింటున్న నోళ్లు తక్కువ అని మా శాఖకు అనుమానం వచ్చింది. దానికి ఆధారమంటూ ఏమీ లేదు. ఆర్థిక సంవత్సరం ముగిసిపోతోంది, సాంకేతిక పరిజ్ఞానం పద్దు కింద నిధులు మిగిలిపోయాయి, మిగిలిన నిధులకు సరిపడా అనుమానం ఒకటి వెంటనే కావలసి వచ్చింది.

ముందు వేలిముద్రలు పెట్టారు. పప్పన్నం కలిపిన వేళ్లను యంత్రం గుర్తుపట్టలేదు. తర్వాత ముఖాలు పెట్టారు. ఒకే కొలతలో కటింగ్ చేయించుకుని, ఒకే యూనిఫాం తొడుక్కుని, ఒకే కొబ్బరినూనె రాసుకున్న ఒకటో తరగతి మగపిల్లలందరినీ కెమెరా ఒక్క పిల్లాడిగా లెక్కగట్టి, ఒక గుడ్డు మంజూరు చేసింది. ఇక మిగిలింది నోరు. అలా పుట్టింది 'పలుకు-పోషణ' పథకం. ప్రతి నోటికీ గుడ్డు, ప్రతి గుడ్డుకీ నోరు అనేది దాని నినాదం.

ఆ పథకానికి నేను జిల్లా సాంకేతిక సమన్వయకర్తను. బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ చదివాను, కృత్రిమ మేధ మీద ఒక సెమిస్టర్ పాఠాలు విన్నాను. పొరుగుసేవల కంపెనీకి అంతకంటే అర్హత అవసరం లేకపోయింది. స్కూటీకి పెట్రోలు ఇస్తామన్నారు, మెడలో కార్డు వేశారు.

పద్ధతి చాలా సులువు. జూన్‌లో ప్రతి పిల్లా ట్యాబ్ ముందు నిలబడి "దయచేసి కోడిగుడ్డు" అనాలి. మర్యాద కూడా నేర్పినట్టు ఉంటుందని 'దయచేసి' కలిపారు. ట్యాబ్ ఆ మాటను దాచుకుంటుంది. తర్వాత గుడ్డు పెట్టే రోజుల్లో పళ్లెం పట్టుకుని వరుసలో వచ్చి మళ్లీ అదే అనాలి. పాతదీ కొత్తదీ ఎనభై శాతం కలిస్తే పచ్చలైటు వెలుగుతుంది, గుడ్డు పళ్లెంలో పడుతుంది. కలవకపోతే ఎర్రలైటు. మనిషి గొంతును పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ఖరీదు ఎక్కువ. మాట ఆకారాన్ని మాత్రమే పోల్చేది చవక. టెండర్లో ఏది గెలిచిందో చెప్పనక్కర్లేదు.

ఎర్రలైటుతో పాటు ఒక ఆడగొంతు వస్తుంది. అది నాదే. స్టూడియో ఎందుకు దండగ అని మా మేనేజర్ నన్ను మీటింగ్ రూములో కూర్చోబెట్టి తన ఫోన్లోనే రికార్డు చేశాడు. "క్షమించండి. మీరు మీరు కారు." కొంచెం నవ్వు ముఖంతో చెప్పమన్నాడు, చెప్పాను. అందుకే ఏ బడికి వెళ్లి నోరు తెరిచినా పిల్లలు పళ్లాలు వీపు వెనక దాచుకుంటారు.

బొల్లిగుట్ట ప్రాథమిక పాఠశాలలో జూన్ నమోదు చేసింది నేనే. ఒకటో తరగతి వరుసలో రెండు జడల పిల్ల ఒకతి వచ్చింది.

"పేరేంది బుజ్జీ?"

"దీతిత."

రిజిస్టరులో గీతిక అని ఉంది. వరుసంతా కిసుక్కుమంది. "దీతిత, ఓ దీతిత" అని వెనక నుంచి ఎవడో సాగదీశాడు. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. ట్యాబ్ కేసి చూస్తూ "దయచేసి తోడిదుడ్డు" అంది.

ట్యాబ్‌కు అభ్యంతరం లేదు. దానికి తప్పూ ఒప్పూ తెలియవు, నిన్నటిదీ ఇవ్వాళ్టిదీ మాత్రమే తెలుసు. నిజం చెప్పాలంటే దసరా దాకా జిల్లా మొత్తంలో అందరికంటే బాగా కలిసిన నోరు గీతికదే. మిగతా పిల్లలు ఒకరోజు అరుస్తారు, ఒకరోజు నమిలేస్తారు. ఈ పిల్ల బడిలో ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమీ మాట్లాడదు కాబట్టి ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు చెప్పేది.

వాళ్లమ్మ స్వరూప ఆ బడి వంటమనిషే. పొయ్యి దగ్గర గుడ్ల పెంకులు ఒలుస్తూ నాతో అంది. "ఇంట్ల ఊకెనే ఉండది మేడం, మాట్లాడుడే మాట్లాడుడు. ఈడికొస్తె నోరు కుట్టేసుకుంటది. ఏమన్న అంటె చాలు పోరగాండ్లు దీతిత దీతిత అని ఎంటబడ్తరు. నేను చెంచ చూపిచ్చి బెదిరిస్త, నా ముంగట ఊకుంటరు, నేను ఇటు తిరిగితె మల్ల షురూ."

మా ఆఫీసు ఉన్న భవనంలోనే పై అంతస్తులో ఇంకో పథకం ఉంది. మాట సరిగ్గా రాని పిల్లల్ని వెతికి, పరీక్షించి, సరిచేయడం దాని పని. కింది అంతస్తుకు పై అంతస్తు ఏం చేస్తుందో తెలియదు. మెట్లు మాత్రం ఇద్దరివీ. ఆ మెట్ల మీదే నాకు స్పీచ్ థెరపిస్ట్ నస్రీన్ పరిచయమైంది. బస్సులు మారి ఊళ్లు తిరిగే మనిషి నా స్కూటీ చూసి ఎక్కింది, మరి దిగలేదు.

జూలైలో ఆమెను బొల్లిగుట్ట తీసుకెళ్లాను. వరండాలో చాప వేసి, గీతికను ఎదురుగా కూర్చోబెట్టుకుని, సంచిలోంచి బొమ్మల కార్డులు తీసింది. మొదటిది కాకి. పిల్ల దాని వైపు చూస్తోంది తప్ప నోరు విప్పడం లేదు. సాయం చేద్దామని నేను చెవిలో "కాకి" అన్నాను.

"నువ్వు చెప్పకు సుప్రజా," అంది నస్రీన్, కార్డు మీద నుంచి కళ్లు తీయకుండానే. "నువ్వు చెప్తె అది నీ కాకి చెప్తది. నాకు దాని కాకి గావాలె."

నేను వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి దాని కాకి వచ్చింది. "తాతి." గొడుగు "దొడుదు" అయింది. మేక "మేత", పలక "పలత", ఈగ "ఈద". పిల్లి, బల్లి, చెప్పు, సబ్బు మాత్రం చక్కగా వచ్చాయి. నస్రీన్ ఒక్కో శబ్దం మాట మొదట్లో ఎలా ఉందో, మధ్యలో ఎలా ఉందో రాసుకుంది. టార్చిలైటు వేసి నోట్లోకి చూసింది. తర్వాత కాకి బొమ్మ మళ్లీ చూపించి, తనే అంది.

"ఇది తాతి. అవునా?"

గీతిక తల అడ్డంగా ఊపింది.

"మరి ఏంది?"

"తాతి తాదు," అంది గీతిక, పెద్దదానికి ఇంత కూడా తెలియదా అన్నట్టు. "తాతి."

నస్రీన్ నవ్వి నా వైపు తిరిగింది. "చెవి మంచిగున్నది. తేడా తెలుస్తున్నది. అన్నీ వస్తున్నయి, 'క' 'గ' రెండే రావు. వాటికి నాలుక ఎనకభాగం లేవాలె. ఈమెకు ముందటిది లేస్తున్నది, ఎనకది పండుకున్నది. లేపుదాం."

లేపడమంటే ఏదో పరికరం తెస్తుందనుకున్నాను. గ్లాసుడు నీళ్లిచ్చి, తల వెనక్కి పెట్టి గొంతులో గరగర పుక్కిలించమంది. అలా పుక్కిలిస్తుంటే నాలుక వెనక ఎక్కడ కదులుతుందో పిల్లకు తెలుస్తుందట. వారం తిరిగేసరికి బొల్లిగుట్ట బడి మొత్తం బోరింగు దగ్గర తలలు పైకెత్తి గరగరలాడుతోంది. ఏమిటని అడిగితే యోగా అని చెప్పారు హెడ్మాస్టర్ భూమయ్య సార్.

దసరా సెలవుల తర్వాత ఒక పొద్దున స్కూటీ ఆపుతుండగానే గీతిక ఎదురొచ్చింది. "మేడం, నా పేరు గీతిక. గీతిక. కాకి. గంప. ఆ గణేశ్ గాడు నా గీతల పుస్తకం గుంజుకున్నడు." నాలుగు నెలలుగా దాచిపెట్టుకున్న ఫిర్యాదులన్నీ క, గ లతోనే ఉన్నట్టున్నాయి, వరసపెట్టి చెప్పింది. నస్రీన్ అక్కడే మెట్టు మీద కూర్చుని, ఒక్క మాట అడ్డం రాకుండా అన్నీ వింది.

మధ్యాహ్నం గుడ్డు వరుస. గీతిక పళ్లెం ముందుకు చాచి, బడంతా వినేలా "దయచేసి కోడిగుడ్డు" అంది.

ఎర్రలైటు.

"క్షమించండి. మీరు మీరు కారు," అన్నాను నేను, ట్యాబ్‌లోంచి.

మళ్లీ చెప్పింది. మళ్లీ నేనే. గుడ్డు స్వరూప చేతిలోని గరిట మీదే ఉండిపోయింది. "గిదేంది మేడం, నా బిడ్డ కాదంటది? తొమ్మిది నెలలు నేను మోసిన్నా, గీ డబ్బ మోసిందా?"

"ఇచ్చెయ్ స్వరూపా, నేను చూసుకుంటా," అన్నాను.

"ఎట్ల ఇస్త? లైటు లేకుంట గుడ్డు ఇస్తె నన్ను పనిలకెల్లి తీసేస్తరు. మొన్న కాయితం మీద సంతకం పెట్టిచ్చిండ్రు గద."

గుడ్డు గిన్నెలోకి వెళ్లిపోయింది. గీతిక నా వైపు చూసిన చూపు మీకు చెప్పను.

మర్నాడే నేను సంయుక్త సంచాలకులు వామన్‌రావు గారి గదిలో ఉన్నాను. పలుకు-పోషణ ఆయన కలల పథకం. ఫైల్లో రాసుకున్నట్టే మాట్లాడతారు. పిల్లకు మాట బాగైందనీ, కొత్తగా ఒకసారి రికార్డు చేస్తే సరిపోతుందనీ చెప్పాను.

"అట్లు వీలుపడదమ్మా. జూన్ మాసాంతమునకు గళములన్నియూ స్థిరీకరించబడినవి. స్థిరీకరించబడినది మారుటకు అనుమతించినచో, రేపు ఎవరైనా వచ్చి నా గళం బాగుపడినది అందురు. గుడ్డు పట్టుకుపోవుదురు."

"కానీ ఆ పిల్ల ఆ పిల్లే సార్. వాళ్లమ్మ కూడా చెప్తోంది."

"తల్లి లబ్ధిదారుల పక్షం. ఆమె మాట పరిగణనలోకి రాదు. యంత్రం ఏమన్నది?"

"మీరు మీరు కారు అంది సార్."

"ఆమె ఆమె కానప్పుడు వేరొకామె. అనగా, ఆరేళ్ల వేరొక బాలిక, ఎక్కడా నమోదు లేకుండా, బడి ఈడు గలిగి సంచరించుచున్నది." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది బడి బయటి బాలికల కేసు."

"బడి లోపలే ఉంది సార్."

"లోపల ఉన్న బడి బయటి బాలిక. మరింత తీవ్రం. తక్షణం ప్రవేశం కల్పించండి. లేనిచో విద్యాహక్కు చట్టం ఉల్లంఘన మీ మీదకే వచ్చును."

కొత్తగా చేరిన పిల్లకు మాత్రం కొత్త రికార్డు పెట్టుకోవచ్చు. అంటే గుడ్డు వస్తుంది. నేను నమస్కారం పెట్టి బయటపడ్డాను.

భూమయ్య సార్ ఈ వార్త వినగానే కంప్యూటర్ ముందు కూర్చుని వేళ్లు విరుచుకున్నారు. ఆయన సర్వీసులో ఇంతకంటే వింత ఆదేశాలు చాలా చూశారు. "చేర్సుకుందాం పోనీ. పేరేం రాద్దామమ్మా? గీతిక అంటె ఒక గీతిక ఉన్నది, తీసుకుంటలేదు. ఒకే తల్లి, ఒకే పేరు అయితె దొంగ పేరంటది."

"కొత్తదానికి ఇంకో పేరు పెడదాం సార్," అన్నాను.

"నేనే గీతిక," అంది గీతిక, బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేస్తూ. "నా పేరు నేను ఇయ్య. ముందటిదానికి దీతిత అని రాయుండ్రి."

పాత నమోదులో పేరు దిద్దడానికి అదృష్టవశాత్తూ అవకాశం ఉంది. అలా జూన్‌లో చేరిన పిల్ల దీతిత అయింది, అక్టోబరులో చేరిన పిల్ల గీతిక అయింది. తల్లి ఒకరే, పుట్టిన తేదీ ఒకటే కాబట్టి కంప్యూటర్ వాళ్లను కవలలుగా గుర్తించి అభినందనలు తెలిపింది.

"ఒక్క బిడ్డనే కన్న గద సార్," అంది స్వరూప.

"ఇంట్ల ఒక్కతె. కంప్యూటర్ల ఇద్దరు. జర సదురుకో అమ్మా," అన్నారు భూమయ్య సార్.

ఆ మధ్యాహ్నం గీతికకు గుడ్డు వచ్చింది. కథ అక్కడ ఆగిపోతే నేను దీన్ని రాసేదాన్నే కాదు.

ఒకటో తరగతి పిల్లలకు ముందు పళ్లు ఊడే కాలం అది. పళ్ల సందులోంచి గాలి పోయి, 'దయచేసి' అనబోతే ఈల వస్తుంది. బొల్లిగుట్టలోనే కాదు, జిల్లా అంతటా ఎర్రలైట్లు వెలిగాయి. నా గొంతు ఊరూరా మోగింది. సంచాలకుల వారి ఆదేశం ఉండనే ఉంది కాబట్టి, హెడ్మాస్టర్లంతా పన్ను ఊడిన ప్రతి పిల్లనూ బడి బయటి పిల్లగా కనిపెట్టి కొత్తగా చేర్చుకున్నారు. చలికాలం మొదలై జలుబులు పట్టాయి. ముక్కు దిబ్బడ పిల్లలు మరో విడత బడి బయటి పిల్లలయ్యారు. జలుబు తగ్గాక కొందరు మళ్లీ మొదటి పిల్లలై వచ్చారు, కొందరు పన్ను మొలిచి మూడో పిల్లలయ్యారు.

ఏడాది మధ్యలో ఇంత మంది బడిలో చేరడం రాష్ట్రంలో ఎక్కడా జరగలేదు. వామన్‌రావు గారికి శాలువా కప్పారు. ఆయన ఫోటో పేపర్లో వచ్చింది.

పై నుంచి ఎవరో, ఈ పెరుగుదలలో పళ్ల పాత్ర ఎంత అని అడిగారట. వెంటనే సర్క్యులర్ వచ్చింది. పన్ను ఊడినట్టు రుజువుగా, ఊడిన పన్నును తెల్ల కవరులో పెట్టి జతపరచాలి. బొల్లిగుట్టలో ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం ఆనవాయితీ. భూమయ్య సార్ నిచ్చెన తెప్పించి ఇళ్లెక్కారు. కింద నేను కవర్లు పట్టుకుని నిలబడ్డాను.

రేకుల కప్పు మీద నుంచి ఆయన ఒక పన్ను పైకెత్తి చూపించారు. "ఇది ఎవరి పిల్లదవ్వా?"

వాకిట్లో కూర్చున్న ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "పిల్లలది కాదు సారూ, అది మా ఇంటాయనది. పోయిన యాడాది ఊడితె ఆయనే ఇసిరిండు, మల్ల మొలుస్తదేమో అని."

"మొలిసిందా?"

"మొలిస్తె నీకు గీ తిప్పలెందుకు, నేనే చెప్తుంటి గద."

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాం. నవ్వు ఆగిపోయింది డిసెంబరులో, మండల బృందం జీపు దిగినప్పుడు. కొత్త పిల్లలు ఎంత మంది చేరారో, సరిగ్గా అంత మంది పాత పిల్లలు బడి మానేశారని కంప్యూటర్ తేల్చింది. అందరికంటే ఎక్కువ రోజులు కనిపించని పిల్ల దీతిత. దసరా నుంచి ఒక్క గుడ్డు తినలేదు. మిగతా వాళ్లు జలుబు తగ్గి అప్పుడప్పుడూ తిరిగి వస్తున్నారు. ఈమెకు పట్టిన బాగు వదలడం లేదు.

బృందం నాయకుడు స్వరూపను వంటగది గుమ్మంలోనే నిలబెట్టాడు. "పెద్ద బిడ్డ ఏదమ్మా?"

"పెద్ద బిడ్డ, సిన్న బిడ్డ లేరు సార్. గీ పిల్లే ఆ పిల్ల."

"ఈమె గీతిక. నేను దీతితను అడుగుతున్న. పనికి పంపినవా? ఎవరికన్న ఇచ్చినవా?"

"నా బిడ్డకు మాటలొచ్చినయి సార్. ఇంకేం కాలె."

ఆయన అది కూడా రాసుకున్నాడు, 'తల్లి పొంతన లేని సమాధానములు ఇచ్చినది' అని. పది రోజుల్లో సంచాలకుల తనిఖీ ఉంటుంది, ఆ రోజు దీతిత ట్యాబ్ ముందు హాజరు కావాలి, కాకపోతే వంట పని నుంచి తీసేసి, బాలిక అదృశ్యం కింద కేసు పెడతామని చెప్పి జీపెక్కాడు.

అదే వారం నస్రీన్‌కు మెమో వచ్చింది. స్థిరీకరించబడిన గళమును ముందస్తు అనుమతి లేకుండా మార్చినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి, సదరు గళమును జూన్ నాటి యథాతథ స్థితికి పునరుద్ధరించాలి. ఒక ఫైలు ప్రకారం దీతిత కనిపించడం లేదు. ఇంకో ఫైలు ప్రకారం దీతితను నస్రీన్ మార్చేసింది. రెండు ఫైళ్లూ వామన్‌రావు గారి బల్ల మీదే ఉన్నాయి, కాకపోతే ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

నేను ఆ రోజు ట్యాబ్ విప్పి కూర్చున్నాను. జూన్ రికార్డు తీసి గీతిక బదులు నేనే ప్లే చేద్దామని చూశాను. స్పీకర్లోంచి వచ్చే గొంతని ట్యాబ్ కనిపెట్టి ఎర్రలైటు వేసింది. మా చవక సాఫ్ట్‌వేర్లో సరిగ్గా పనిచేసే భాగం అదొక్కటే. వేరే పిల్లల చేత అనిపించి చూసినా ఎవరిదీ ఎనభై దాటలేదు.

"ఒకటే దారి," అన్నాను వరండాలో. "గీతిక మళ్లీ అలా అనాలి. ఒక్కసారి."

"ఒక్కసారి రావాలంటె ఎన్నిసార్లు అనాలె, చెప్పు?" నస్రీన్ గొంతులో ఎప్పుడూ లేని కోపం. "కొత్తగ కూసున్న అలవాటు సుప్రజా. పాతదాన్ని రోజూ అనిపిస్తె, ఇది లేచిపోయి అది కూసుంటది. మల్ల నోరు కుట్టుకుంటది ఆ పిల్ల. నా నౌకరీ పోయినా సరే, నేను అనిపియ్య."

"నేను గూడ అనిపియ్య," అంది స్వరూప. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, ఎంతసేపైనా. "కేసు పెట్టుకుంటె పెట్టుకోనీ. నా బిడ్డ మంచిగ మాట్లాడుతున్నది. బీడీలన్న చేసుకుంట."

గీతిక స్తంభం చాటున ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. "అమ్మను తీసేస్తరా?" అంది.

స్వరూప అదే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నేననను దానిలెక్క," అంది గీతిక. అమ్మ ముఖం చూసి, "అంటె తీసెయ్యరా?" అంది.

నస్రీన్ ఆమెను చాప మీదికి పిలిచింది. ఏదో ఆలోచిస్తోందని ముఖం చూస్తే తెలుస్తోంది. "గీతికా, నీకు ఎవరి లెక్కనన్న మాట్లాడరాదా? జర మాట్లాడి చూపియ్."

గీతిక లేచి నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టి, పెదాలు సాగదీసి, "క్షమించండి. మీరు మీరు కారు" అంది. అచ్చు నాలాగే. స్వరూప ఏడుస్తున్నదల్లా నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు, నేను నిజంగా అలాగే ఉంటానేమోనని భయం వేసింది.

"మేడం లెక్క అంటివి. నువ్వు మేడం అయితివా?" అంది నస్రీన్.

"కాలే."

"గట్లనే దీతిత లెక్క అనాలె. అది వేరే పిల్ల. నువ్వు దాన్ని ఎక్కిరిస్తున్నవ్. అది అన్నంక ఎంటనే గీతిక లెక్క అనాలె. ముందు అది, తర్వాత నువ్వు. ఎప్పుడన్న అది అన్నంక నువ్వు రాకుంటె, ఆట బంద్."

గీతిక దీతితను తయారుచేసింది. దీతిత ఎడమ పక్కకు జరిగి నిలబడుతుంది, జడ నోట్లో పెట్టుకుంటుంది, కళ్లు నేలకేసి ఉంటాయి. "దయచేసి తోడిదుడ్డు." తర్వాత కుడి పక్కకు ఒక్క గెంతు. జడ వెనక్కి. "దయచేసి కోడిగుడ్డు." రోజూ భోజనాల తర్వాత ఆ ఆట. మొదటి రోజు దీతిత దగ్గర గీతికే వచ్చేసింది, ఎంత ప్రయత్నించినా 'కో' అనే వచ్చేది. అది చూసి నేను కంగారు పడ్డాను, నస్రీన్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "కావాలని గూడ తప్పు అనొస్తలేదంటె, ఒప్పు ఎంత గట్టిగ కూసున్నదో చూడు."

తనిఖీ రోజు వరండాకు మామిడాకులు కట్టారు. వామన్‌రావు గారు శాలువాతోనే వచ్చారు. వెంట మండల బృందం, ఒక ఫోటోగ్రాఫర్. పిల్లలంతా పళ్లాలతో వరుసలో ఉన్నారు. వాళ్ల పళ్ల సందులూ, జలుబులూ సవ్యంగా నమోదై ఉన్నాయో లేదో భూమయ్య సార్ ఆఖరిసారి చూసుకున్నారు. స్వరూప గుడ్ల గిన్నె దగ్గర, చేతిలో గరిట.

"దీతిత," అని పిలిచాడు బృందం నాయకుడు.

గీతిక ముందుకొచ్చింది. ఎడమ పక్కకు జరిగింది. జడ నోట్లో పెట్టుకుంది. వెనక వరుసలో కిసుక్కుమన్నవాణ్ని పక్కవాడే మోచేత్తో పొడిచాడు.

"దయచేసి తోడిదుడ్డు."

పచ్చలైటు. తొంభై ఏడు. స్వరూప గుడ్డు పళ్లెంలో వేసింది. బృందం నాయకుడు వామన్‌రావు గారి వైపు చూశాడు. ఆయన గంభీరంగా తలాడించారు.

"బాలిక లభ్యమైనది. నమోదు చేసుకొనండి. గీతిక?"

గీతిక కుడి పక్కకు గెంతింది. జడ వెనక్కి విసిరింది. నా పక్కన నస్రీన్ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

"దయచేసి కోడిగుడ్డు."

పచ్చలైటు. రెండో గుడ్డు. నస్రీన్ చెయ్యి వదిలింది.

"ఇద్దరు బాలికలునూ హాజరు," అన్నారు వామన్‌రావు గారు. ఆయన ఎదుట ఒక పిల్ల ఉంది, చేతిలో ఒక పళ్లెం ఉంది, అందులో రెండు గుడ్లు ఉన్నాయి. ట్యాబ్‌లో మాత్రం ఇద్దరు. ఏది నమ్మాలో ఆయనకు ఒక్క క్షణం కూడా సందేహం రాలేదు. తల్లి మీద చర్య ఉపసంహరించమన్నారు. గళ పునరుద్ధరణలో చూపిన శ్రద్ధకు నస్రీన్‌ను మెచ్చుకున్నారు. ఒక పథకం ఇద్దరు కవలలను కలిపిందని పేపర్లో రాయించవచ్చని ఎవరో అంటే, ఫోటోకు సిద్ధమయ్యారు.

"అక్కాచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన నిలబడండి."

ఫోటోగ్రాఫర్ కెమెరాలోంచి చూసి, కెమెరా దించి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. "సార్, ఒక్కతే ఉన్నది సార్."

"రెండవ ఆమెకు స్థలము వదలి తీయవయ్యా," అన్నారు వామన్‌రావు గారు విసుగ్గా.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. గీతికకు ఎడమ పక్కన కాస్త ఖాళీ వచ్చింది. వామన్‌రావు గారు వంగి, ఫోటో కోసం నవ్వు పెట్టుకుని అడిగారు.

"నీ పేరేమమ్మా?"

"గీతిక."

"భేష్. మరి పక్కనున్న ఆమె ఏమీ పలుకదేమి?"

గీతిక పక్కనున్న ఖాళీ కేసి ఒకసారి చూసింది. రెండో గుడ్డు చేతిలోకి తీసుకుంది.

"అది ఇగ మాట్లాడదు సార్," అంది. "గుడ్డు మాత్రం తింటది."